అభయం ఎవరికి? తెలుగు తీరపు బట్టల వర్తకంపై ఒక పరిశీలన

దేశాల మధ్య సాగే వర్తకం అందరి సంపదనూ పెంచుతుందా, లేక ఒకరి చేతిలోని సంపదను మరొకరి చేతికి మారుస్తుందా అన్నది అర్థశాస్త్రమంత పాత ప్రశ్న. 1817లో డేవిడ్ రికార్డో ఇంగ్లండు బట్టను, పోర్చుగల్ ద్రాక్షసారాను ఉదాహరణగా తీసుకుని, ప్రతి దేశమూ తాను మిగతా పనులతో పోల్చితే తక్కువ నష్టంతో చేయగల వస్తువునే ఎక్కువగా తయారుచేసి, మిగిలినది కొనుక్కుంటే రెండు దేశాలకూ మేలు జరుగుతుందని తర్కబద్ధంగా చూపించాడు. దీనినే తులనాత్మక ప్రయోజన సూత్రం అంటారు. ఆ తర్కంలో లోపం వెతకడం కష్టం. అయితే ఆ ఉదాహరణలో రేవు లేదు, రేవులో సుంకం వసూలు చేసే అధికారి లేడు, నేతగాడికి బయానా ఇచ్చి అతని మగ్గాన్ని కట్టేసుకునే దళారి లేడు, చట్టసభలో కూర్చుని పరదేశపు బట్టను నిషేధించే సభ్యుడూ లేడు. సూత్రం పక్కన పెట్టిన ఆ రేవునూ, ఈ ముగ్గురినీ తిరిగి కథలోకి తెచ్చి, వర్తకం సమాజాలను కాలక్రమంలో ఎలా మలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసపు ఉద్దేశం.

అందుకు తెలుగు తీరపు బట్టల వర్తకం అనువైన ఉదాహరణ. మోటుపల్లి నుంచి మచిలీపట్నం, నర్సాపురం, కోరంగి రేవుల దాకా సాగిన ఈ చరిత్ర చాలా పొడవైనది, వైభవమూ పతనమూ రెండూ ఉన్నది. ఈ చరిత్ర సూచించే విషయం ఒక్కటే: వర్తకం ఒక సమాజానికి బలమిస్తుందా, బలహీనత తెస్తుందా అన్నది ఆ సమాజం ఏ సరుకు అమ్ముతున్నదన్న దానికంటే, ఆ సరుకు చేసే మనిషికి ‘నీకు కాకపోతే మరొకరికి అమ్ముకుంటాను’ అనగల వీలు ఉందా లేదా అన్నదానిపై ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

రేవులోని శాసనం

క్రీస్తుశకం తొలి శతాబ్దానికి చెందిన ‘పెరిప్లస్’ అనే గ్రీకు నావికా గ్రంథం కృష్ణా ముఖద్వార ప్రాంతాన్ని మసాలియా అని పేర్కొని, అక్కడ సన్నని నూలుబట్టలు విరివిగా తయారవుతాయని చెప్పింది. శాతవాహన రాజులు నాణేల మీద ఓడ బొమ్మలు ముద్రించారు. ఘంటసాల శాసనమొకటి మహానావికుణ్ణి పేర్కొంటుంది. సముద్రం ఈ తీరానికి ఎల్లగా కాక దారిగానే ఉన్నదనడానికి ఇవి చాలు. కానీ ఆ దారిలో ఎవరి హక్కులేమిటో రాతలో స్పష్టంగా కనిపించేది 13వ శతాబ్దంలో.

చినగంజాం దగ్గరి మోటుపల్లిలో శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో, కాకతీయ గణపతిదేవుడు వేయించిన శాసనాన్ని చరిత్రకారులు అభయ శాసనం అంటారు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతటినీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని ఆ శాసనం ఒప్పుకుంటుంది. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చే వర్తకుల నుంచి ఇకమీదట నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని హామీ ఇస్తూ, ఎగుమతి దిగుమతులపై ఆ సుంకం ముప్పైలో ఒక వంతు అని నిర్దేశించి, చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు వంటి సరుకులకు విడివిడిగా రేట్లు చెక్కించింది. ఈ శాసనపు గొప్పతనం సుంకం తక్కువగా ఉండటంలో కంటే, అది ముందుగానే తెలిసి ఉండటంలో ఉంది; ఏ రేవులో ఎంత పోతుందో తెలిసిన వర్తకుడు ధైర్యంగా ఓడ ఎక్కుతాడు, తెలియనివాడు ఆ రేవునే వదిలి వెళ్తాడు. 1358లో రెడ్డి రాజు అనవోతారెడ్డి అదే రేవులో వర్తకులకు రాయితీలు ప్రకటిస్తూ మరో శాసనం వేయించాడు. రాజ్యాలు మారినా రేవుకు ఇచ్చిన మాట నిలవాలన్న అవగాహన పాలకులకు ఉన్నదని దీనివల్ల తెలుస్తుంది. అయితే ఈ శాసనాల్లో అభయం పొందినవాడు వర్తకుడు. ఓడలోకి ఎక్కే బట్టను నేసినవాడి ప్రసక్తి వాటిలో లేదు.

కొనేవారు పలువురు

16వ శతాబ్దపు రెండో సగం నుంచి కుతుబ్ షాహీల గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవుగా మచిలీపట్నం ఎదిగింది. ‘బందరు’ అన్న వాడుక పేరు రేవు అనే అర్థం గల ఫారసీ మాట నుంచే వచ్చింది. ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా లంగరు వేసుకుంటే, సరుకును చిన్న పడవల్లో చేరవేసే ఆ రేవుకు సహజమైన భద్రత తక్కువ. అయినా దాని వెనుక ఉన్న ప్రదేశమే దాని బలం. కృష్ణా గోదావరి మధ్య నేతపల్లెలు, తీరపు ఇసుకనేలల్లో పెరిగి ఎర్రరంగునిచ్చే చిరివేరు, కొల్లూరు వజ్రపు గనులు, ఇరానీ వర్తకులు కోనసముద్రం దాకా వచ్చి కొనుక్కుపోయిన తెలంగాణ ఉక్కు, వీటన్నిటినీ కలుపుతూ హైదరాబాదు నుంచి తీరానికి సాగే బాట, ఇవన్నీ కలిసి బందరును పెద్దది చేశాయి.

ఐరోపావారు ఈ రేవుకు వచ్చింది మొదట ఐరోపాకు బట్టలు తీసుకుపోవడానికి కాదు. తూర్పు దీవుల్లో లవంగాలు, జాజికాయలు పండించేవారు వెండి నాణేల కంటే ఈ కోరమాండల్ తీరపు బట్టలనే ఇష్టంగా తీసుకునేవారు కాబట్టి, ఆ మసాలాలు కొనాలంటే ముందు ఇక్కడి బట్ట చేతిలో ఉండాలి. ఈ సంగతి గ్రహించిన డచ్చివారు 1605లో మచిలీపట్నానికి వచ్చి, మరుసటి ఏడు సుల్తాను అనుమతితో స్థిరపడ్డారు. వారి అధికారి హెండ్రిక్ బ్రౌవర్ ఈ తీరాన్ని మసాలా దీవులకు ఎడమచేయి వంటిదని వర్ణించాడు. 1611లో ‘గ్లోబ్’ అనే ఓడలో ఇంగ్లీషువారు వచ్చారు. వీరికి ముందునుంచే ఇరానీ, అరబ్బు వర్తకులు, బర్మాలోని పెగూ, సుమత్రాలోని అచే రేవులతో వ్యవహరించే స్థానిక వర్తకులు ఉన్నారు. వీరికి కావలసిన ఓడల్లో కొన్ని నర్సాపురం వడ్రంగుల చేతుల్లోనే తయారయ్యాయి.

అంటే ఒకే మగ్గం ముందు పలువురు కొనుగోలుదారులు నిలబడ్డారు. అప్పటి పద్ధతిలో వర్తకుడు ముందుగా బయానా ఇచ్చేవాడు, ఆ డబ్బుతో నేతగాడు నూలు కొనుక్కుని బట్ట నేసి ఇచ్చేవాడు. ఈ ఏర్పాటులో అప్పు ఉంది, దానితోపాటు ఒత్తిడీ ఉంది. కానీ మరొకరు మంచి ధర చెప్పినప్పుడు బయానా తిరిగి ఇచ్చేసి ఒప్పందం నుంచి బయటపడే అవకాశమూ ఉండేది. పాలకుడి తీరు నచ్చకపోతే ఊరు విడిచి పక్క పరగణాకు వెళ్లిపోవడం నేతగాళ్ల చేతిలో ఉన్న పెద్ద ఆయుధం. 18వ శతాబ్దంలో దక్షిణ భారత నేతగాడి జీవన ప్రమాణం అదే కాలపు ఇంగ్లండు నేతగాడి కంటే తక్కువేమీ కాదని చరిత్రకారుడు ప్రసన్నన్ పార్థసారథి వాదించడానికి ఆధారం ఈ బేరమాడే శక్తే.

దీన్ని స్వర్ణయుగంగా చిత్రించడం మాత్రం పొరపాటు. 1630 తర్వాత దక్కను అంతటా వ్యాపించిన కరువులో, బట్ట అమ్మి తిండి కొనుక్కునే నేతపల్లెలు రైతుపల్లెల కంటే ముందుగా కూలాయి. తిండిగింజల ధర పెరిగి బట్టల గిరాకీ తగ్గినప్పుడు నేతగాడు రెండువైపులా నలిగిపోతాడు. కరువుకాలాల్లో ఈ తీరం నుంచి మనుషులను బానిసలుగా కొని డచ్చి ఓడలు జావాలోని తమ స్థావరం బటావియాకు తరలించిన చరిత్ర కూడా ఉంది. రేవు తెరిచి ఉన్నప్పుడు దానిగుండా ఏం పోతుందో నిర్ణయించేది ఆ రోజుకు ఒడ్డున ఎవరు బలహీనంగా ఉన్నారన్నదే.

వర్తకం తెచ్చిన మార్పులు ధరలతో ఆగవు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల ద్వారా దేశంలోకి వచ్చిన మిరప, పొగాకు, జీడిమామిడి, బొప్పాయి ఎంతగా కలిసిపోయాయంటే, మిరపకాయ లేని తెలుగు పచ్చడిని ఈనాడు ఊహించడమే కష్టం. మిరియాలను తలపించే ఆ పేరులోనే కొత్త కారం పాత కారానికి వారసురాలైన సంగతి దాగి ఉంది. రెండు భాషలు తెలిసినవాడన్న అర్థంలో దుబాసీ అనే కొత్త వృత్తి పుట్టి, తెలుగు వర్తక కుటుంబాలకు చెన్నపట్నంలో పలుకుబడి తెచ్చిపెట్టింది. ఫారసీ అభిరుచి తెలుగు అద్దకంలోకి దిగి కలంకారీ అనే పేరుతోసహా స్థిరపడింది.

రంగులోని విద్య

ఐరోపా మార్కెట్టును ఈ తీరపు బట్ట 17వ శతాబ్దపు చివరి దశకాల్లో గెలుచుకోవడానికి కారణం చవకతనం ఒక్కటే కాదు. ఉతికినా పోని రంగు కూడా. నూలుకు రంగు పట్టించడం ఉన్నికి పట్టించినంత సులువు కాదు. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఎండబెట్టడం, బెల్లపు నీళ్లలో ఇనుపముక్కలు ఊరవేసి తయారుచేసిన నలుపుతో గీతలు గీయడం, ఎరుపు రావలసిన చోట పటిక పూసి చిరివేరుతో ఉడికించడం, నీలి తాకకూడని భాగాలకు మైనం పూయడం, మధ్యమధ్య పారే నీటిలో జాడించడం, ఇలా పలు దశలు దాటితేగాని అద్దకం పూర్తికాదు. రంగును నూలుకు అతికించే పటిక వంటి ద్రవ్యాన్ని రంగుబంధకం అనవచ్చు. ఆ రసాయన మర్మాన్ని అద్దకపువారు పుస్తకాల్లో కాక చేతి అలవాటులో, కుటుంబాల్లో కాపాడుకున్నారు.

ఈ విద్య సరుకు వెంటే ఓడ ఎక్కింది. తెలుగు నేర్చుకుని, తెలుగు-సంస్కృత-ఫ్రెంచి నిఘంటువు కూర్చిన జెసూట్ మతగురువు కేర్దూ, తన చుట్టూ ఉన్న మతాంతరిత అద్దకపువారిని అడిగి తెలుసుకున్న పద్ధతిని 1742లో వివరంగా ఉత్తరంలో రాసి పంపగా అది ఫ్రాన్సులో అచ్చయింది. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ చిరివేరును వర్ణించి బొమ్మతోసహా ప్రచురించాడు. అద్దకపువాడి దృష్టిలో ఇది కుతూహలపరుడైన దొరతో జరిగిన సంభాషణ. ఐరోపా పరిశ్రమ దృష్టిలో మాత్రం కొత్త కార్ఖానాకు ముడిపదార్థం. వర్తకంలో బట్టకు వెల ఉంటుంది. బట్ట చేసే జ్ఞానానికి ఆనాడు వెల కట్టినవారు లేరు.

నిషేధాల నీడలో ఎదిగిన పరిశ్రమ

అద్దకపు బట్టల మోజు ఐరోపాలో పెరిగేసరికి అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు ఆందోళనకు దిగారు. ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించి 1759 దాకా ఆ నిషేధాన్ని కొనసాగించింది. ఇంగ్లండు పార్లమెంటు 1700లో చేసిన చట్టం భారత, పారశీక, చైనా దేశాల అద్దకపు నూలుబట్టల వాడకాన్ని నిషేధించింది. కానీ తెల్లబట్టను దిగుమతి చేసుకుని అక్కడే అచ్చు వేసుకోవడానికి దారి వదిలింది. ఆ సందులోనుంచే లండను చుట్టుపక్కల అద్దకపు పని వేళ్లూనింది. 1719లో లండనులోని స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు నేతగాళ్లు అద్దకపు బట్టలు కట్టుకున్న స్త్రీల మీద వీధుల్లో దాడులు చేశారు. 1721లో వచ్చిన రెండో చట్టం అద్దకపు నూలుబట్ట కట్టుకోవడాన్నే నేరం చేసింది. దేశీయ నూలు పరిశ్రమ యంత్రాలతో నిలదొక్కుకున్న తర్వాత, 1774లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు.

రికార్డో సూత్రం వెలువడేనాటికి ఇంగ్లండు చవకగా బట్ట చేయగల దేశమే, సందేహం లేదు. కానీ ఆ చవకతనం ప్రకృతి ఇచ్చినది కాదు. సుమారు ముప్పావు శతాబ్దం పాటు చట్టం కట్టిన గోడ చాటున అది పెరిగింది. తులనాత్మక ప్రయోజనం అనేది దొరికేది మాత్రమే కాదు, తయారుచేసుకునేది కూడా అన్న పాఠం ఇక్కడ ఉంది. గోడ కట్టగల ప్రభుత్వం ఉన్న నేతగాడు నిలబడ్డాడు. అటువంటి ప్రభుత్వం లేని నేతగాడు ఆ అవకాశాన్ని కోల్పోయాడు.

కొనేవాడు ఒక్కడు

1759 ఏప్రిల్లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి నుంచి మచిలీపట్నం కోటను గెలుచుకోవడం, 1765 నాటి మొగలు ఫర్మానా, 1766లో నిజాముతో కుదిరిన ఒప్పందం, ఈ మూడింటితో తెలుగు తీరపు ప్రాంతాలైన ఉత్తర సర్కారులు చాలావరకు ఈస్టిండియా కంపెనీ వశమయ్యాయి. వర్తకుడే పాలకుడైన ఈ మలుపు నేతగాడి పరిస్థితిని లోలోపల మార్చేసింది. అంతకు ముందు బట్ట కొనాలంటే కంపెనీ ఐరోపా నుంచి వెండి, బంగారం తేవలసి వచ్చేది, ఎందుకంటే ఐరోపా సరుకులకు ఇక్కడ గిరాకీ అంతంతమాత్రం. ఇప్పుడు ఇక్కడి రైతు కట్టిన శిస్తుతోనే ఇక్కడి నేతగాడి బట్ట కొనగల వీలు దానికి చిక్కింది. వస్తువు పోతున్నది, బదులుగా బయటినుంచి రావలసినది రావడం లేదు. దాదాభాయి నౌరోజీ తరవాతి కాలంలో సంపద తరలింపు అని పిలిచినది ఈ లెక్కనే.

అర్థశాస్త్రంలో అమ్మేవాడు ఒక్కడే ఉంటే గుత్తాధిపత్యం అంటారు. కొనేవాడు ఒక్కడే ఉండే స్థితి దానికి తలకిందులు. ఇంజరం, మాధవాయపాలెం వంటి కంపెనీ కేంద్రాల పరిధిలో బయానా తీసుకున్న నేతగాడు మరొకరికి బట్ట అమ్మడం శిక్షార్హమైంది, మగ్గాల మీద బంట్రోతుల కాపలా వచ్చింది, నాణ్యత తగ్గిందని చెప్పి ధర కోయడం పరిపాటి అయింది. మాధవాయపాలెం పేరు ‘మదపొల్లం’గా మారి నేటికీ ప్రపంచపు బట్టల వ్యాపారంలో ఒక రకం నూలుబట్టకు పేరుగా నిలిచింది, ఆ బట్ట నేసినవారి పేర్లు మాత్రం నిలవలేదు. 18వ శతాబ్దపు చివర సర్కారుల్లో నేతగాళ్లు మూకుమ్మడిగా పని ఆపి, అర్జీలు పెట్టి, ఊళ్లు వదిలి నిరసించారు. కానీ ఊరు వదిలిపోయే పాత ఆయుధం పదును కోల్పోయింది, ఎందుకంటే ఎటు పోయినా పాలించేదీ కొనేదీ అదే కంపెనీ.

యంత్రం, రసాయనం, వలస

1813లో భారత వర్తకంపై కంపెనీకి ఉన్న గుత్తహక్కు తొలగి, యంత్రపు నూలు, యంత్రపు బట్ట ఈ దేశానికి వరదలా వచ్చాయి. అదే కాలంలో భారతీయ బట్టల్లో కొన్నిటిపై బ్రిటనులో 70, 80 శాతం దాకా సుంకం ఉండేది, బ్రిటిషు బట్టపై ఇక్కడ సుంకం నామమాత్రం. ఎగుమతి నేత కుదించుకుపోయింది, నూలు వడికే స్త్రీల సంపాదన అంతకంటే ముందే పోయింది. ఒక దేశపు చేతిపనులు ఇలా క్షీణించి జనం తిరిగి సేద్యం మీద పడటాన్ని పారిశ్రామిక క్షీణత అంటారు. రెండో దెబ్బ ప్రయోగశాల నుంచి వచ్చింది: చిరివేరులోని ఎరుపుకు మూలమైన అలిజరిన్‌ను జర్మను రసాయనవేత్తలు 1868లో కృత్రిమంగా తయారుచేయగా, 1897లో కృత్రిమ నీలి అంగడికెక్కింది. మగ్గంతో సంబంధం లేకుండానే, వేళ్లు తవ్వి బతికే కుటుంబాల జీవనాధారం ఎక్కడో జరిగిన ఒక ప్రయోగంతో కరిగిపోయింది.

క్షీణత కథ పూర్తి నాశనపు కథ కాదు. మిల్లునూలు చవకగా దొరకడంతో దాన్నే వాడుకుని స్థానిక చీరలు, పంచెలు నేసినవారు నిలిచారు. చీరాల ప్రాంతపు తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు వెళ్లాయి. ఒక తలుపు మూసుకుపోయినప్పుడు ఇంకో తలుపు వెతుక్కున్న ఈ నేర్పు గమనించదగినది. కానీ అందరికీ తలుపులు దొరకలేదు. 1833 నాటి గుంటూరు కరువు జనాన్ని తుడిచిపెట్టింది. ఆ దశాబ్దం నుంచే, బానిసత్వం రద్దైన మారిషస్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలు ఓడలెక్కారు. తర్వాత కోరంగి, కాకినాడ నుంచి లక్షలాది మంది బర్మా రేవులకు, ధాన్యపు మిల్లులకు వెళ్లారు. ఎక్కువమంది నేతగాళ్లు కారు, పొలం లేని కూలీలు. అయినా రెండు శతాబ్దాల కింద బట్టల మూటలు వెళ్లిన సముద్రపు దారిలో ఈసారి మనుషులు వెళ్లారన్నది ఈ తీరపు ఎగుమతిలో వచ్చిన పెద్ద మార్పు.

కనిపించని చేతులు

19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీ స్త్రీలు గోదావరి డెల్టాలో నేర్పిన అల్లిక, కాలక్రమేణా నర్సాపురం లేసు పరిశ్రమగా ఎదిగి విదేశాలకు సరుకు పంపింది. 1982లో వెలువడిన మరియా మీస్ పరిశోధన గ్రంథం ఈ పరిశ్రమలోని చిక్కును బయటపెట్టింది: దినమంతా ఇంటిపనుల మధ్య గంటల తరబడి సూదితో అల్లే స్త్రీలను వ్యాపారులూ, ఇంటివారూ, ప్రభుత్వపు లెక్కలూ గృహిణులుగానే చూశాయి, వారి శ్రమను తీరిక వేళల కాలక్షేపంగా జమకట్టాయి. శ్రమను శ్రమ అని పిలవనంత కాలం దానికి న్యాయమైన కూలి అడిగే మాటే ఉండదు. నేతగాణ్ణి ఒంటరిని చేసినది బంట్రోతు కాపలా అయితే, అల్లికపని చేసే స్త్రీని ఒంటరిని చేసినది ఇంటి గడప. ఇద్దరిలోనూ లోపించినది మరో కొనుగోలుదారు ముందుకు వెళ్లగల స్వేచ్ఛే.

ముప్పైలో ఒకటి, రెండులో ఒకటి

ఈ పరిశీలన వర్తకాన్ని నిరాకరించమని చెప్పదు. తలుపులు మూసుకున్న తీరానికి మిరపకాయా రాదు, కలంకారీ అనే పేరూ రాదు. గోడ కట్టి ఎదిగిన ఇంగ్లండు కథ నుంచి అన్ని గోడలూ మంచివేనన్న తీర్మానమూ చేయలేము. ఆ గోడ వెనుక యంత్రవిద్య పెరిగింది కాబట్టి ఫలించింది, అటువంటిదేదీ పెరగని గోడల వెనుక ఖరీదైన నాసిరకం సరుకే మిగులుతుంది. తేలేది ఇంతవరకే: ధర, సుంకం, సాంకేతిక విద్య, చట్టం అనే నాలుగు తాళ్లలో ఏది ఎవరి చేతిలో ఉందో చూడకుండా వర్తకపు లాభనష్టాలు తూచడం సాధ్యం కాదు.

అదే తీరాన నేడు మగ్గాల స్థానంలో రొయ్యల చెరువులు కనిపిస్తాయి. దేశంలో రొయ్యల సాగుకు ఆంధ్రప్రదేశ్ కేంద్రం, వాటిని ఎక్కువగా కొనే దేశం అమెరికా. సొంత దేశపు ధర కంటే తక్కువకు విదేశంలో అమ్ముతున్నారన్న ఆరోపణపై విధించే సుంకాన్ని డంపింగు వ్యతిరేక సుంకం అంటారు. భారతీయ రొయ్యలపై అమెరికా దాన్ని 2005లో విధించింది. 2025 ఆగస్టు చివరికి చాలా భారతీయ సరుకులపై ఆ దేశపు అదనపు సుంకం 50 శాతానికి చేరింది. గణపతిదేవుడు రాతిమీద చెక్కించిన సుంకం ముప్పైలో ఒకటి. 2025 నాటి ఆ సుంకం రెండులో ఒకటి. ఇటువంటి రేట్లు నెలల వ్యవధిలో పెరగనూ వచ్చు, తగ్గనూ వచ్చు. ముందుగా తెలిసి ఉండటం అనే మోటుపల్లి సుగుణం వాటిలో లేకపోవడమే అసలు చిక్కు. రేటు మారిన వార్త రాగానే ఎగుమతిదారు చెరువుగట్టు ధర తగ్గిస్తాడు. పిల్ల వదిలి, మేత అప్పుకు తెచ్చిన రైతు పంటను చెరువులో ఆపుకోలేక ఆ ధరకే పట్టుబడి చేసి అమ్ముతాడు. బయానా తీసుకున్న నేతగాడికీ అతనికీ మధ్య రెండు శతాబ్దాల దూరం ఉన్నా, ఇద్దరూ నిలబడినది ఒకే చోట.

కాబట్టి దేశీయ మార్కెట్టును పెంచడం, ఒకే దేశం మీద ఆధారపడకుండా కొత్త కొనుగోలుదారులను వెతకడం, శీతల గిడ్డంగులతో రైతుకు ఆగగలిగే శక్తినివ్వడం, తయారీదారుల సహకార సంఘాలకు బలం చేకూర్చడం వంటివి దయాధర్మాలు కావు. ‘మరొకరికి అమ్ముకుంటాను’ అన్న ఆ పాత మాటను తిరిగి పలకగల స్థితిని కల్పించే పనులు. మోటుపల్లి శాసనం సముద్రం మీద ప్రాణం పణంగా పెట్టినవాడికి అభయమిచ్చింది. ఒడ్డున ఉండి, అప్పును పణంగా పెట్టినవాడి పేరిట అటువంటి శాసనం ఇంకా వేయవలసే ఉంది.